శిలాజం: కళేబరమా, కుబుసమా?

రొయ్యల చెరువుల దగ్గర పలుచని ఖాళీ పెంకులను మీలో కొందరు చూసి ఉంటారు. అవి చనిపోయిన రొయ్యలు కావు. పెరిగే క్రమంలో రొయ్యలు విడిచిన బాహ్యాస్థిపంజరాలు. ఈ ప్రక్రియను నిర్మోచనం అంటారు. లాబ్‌స్టర్లు, పీతలతో సహా క్రస్టేషియన్లన్నింటికీ ఇది సామాన్య లక్షణం.

జర్మనీలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాతిలో సుమారు 15 కోట్ల సంవత్సరాల నాటి క్రస్టేషియన్ శిలాజాలు లభించాయి. ఎరియాన్, ఈగర్, మెకోకైరస్ వాటిలో ప్రసిద్ధ ప్రజాతులు. నీటి అడుగున సన్నని సున్నపు బురద కప్పివేయడంతో కొన్నింటిలో మీసాలు సైతం చెక్కుచెదరలేదు.

అయితే మీ ముందున్న శిలాజం కళేబరమా, కుబుసమా? నిర్మోచన సమయంలో లాబ్‌స్టర్ శిరోవక్ష కవచానికీ ఉదరానికీ మధ్యనున్న పొర చిట్లుతుంది. ఆ సందు గుండా జంతువు బయటపడుతుంది. కాబట్టి కవచం పైకి లేచి ఒరిగి ఉంటే కుబుసం కావచ్చు; భాగాలన్నీ యథాస్థానంలో ఉంటే కళేబరం కావచ్చు. కుళ్లడం వల్ల, నీటి ప్రవాహం వల్ల కూడా భాగాలు చెదురుతాయి గనుక ఒక్క గుర్తుతోనే నిర్ణయించరాదు.

ఈ తేడా ఎందుకు ముఖ్యం? ఒకే లాబ్‌స్టర్ జీవితకాలంలో అనేక కుబుసాలు విడుస్తుంది. వాటన్నింటినీ కళేబరాలుగా లెక్కిస్తే, ఎన్నడూ జరగని సామూహిక మరణాన్ని మనమే సృష్టించినట్లవుతుంది.