కొండబిడ్డల చదువు - గిడుగు రామమూర్తి విజ్ఞప్తులు

విద్యను గురించి ఉపన్యాసాలు చేసినవారు మన దేశంలో ఎందరో ఉన్నారు. కాని తమకు అందబోయే బహుమానాన్ని కాదని, దానికి బదులు ఒక బడి పెట్టండని ప్రభుత్వాన్ని కోరినవారు బహు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో గిడుగు వెంకట రామమూర్తి ఒకరు. వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన పండితుడిగా ఆయన పేరు అందరికీ తెలిసిందే. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. అయితే తెలుగు కోసం పోరాడడానికి ముందే ఆయన తనది కాని మరొక భాష కోసం శ్రమించారన్న సంగతి చాలామందికి తెలియదు.

రామమూర్తి 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో జన్మించారు. విజయనగరంలో చదువుకునే రోజుల్లో గురజాడ అప్పారావు ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరి, అది కళాశాల అయిన తరువాత అందులో చరిత్ర బోధించి, 1911లో పదవీ విరమణ చేశారు. తూర్పు కనుమల పాదాల వద్ద ఉన్న ఆ పట్టణానికి చుట్టూ కొండలమీద సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుకు గాని, ఒడియాకు గాని సోదరి కాదు. అది ముండా భాషల కుటుంబానికి చెందినది. అరకు ప్రాంతపు గదబల్లో ఒక వర్గంవారు మాట్లాడే గుతోబ్ కూడా ఈ కుటుంబంలోనిదే. అదే కొండల్లో వినిపించే కువి, కొండ భాషలు మాత్రం ద్రావిడ భాషలు. మైదానంలో ఉన్నవారు "కొండ భాష" అని ఒక్క మాటతో తేల్చేసేది నిజానికి ఇన్ని వేర్వేరు భాషలని పాఠకులు గమనించాలి.

ఎదుటివాడి భాష రానివాడు దుబాసీ చేతిలో ఉంటాడు. అప్పు పత్రంలో ఏమి రాశారో, కచేరీలో ఏమి చెప్పారో దుబాసీ చెప్పినంతే అతనికి తెలుస్తుంది. మధ్యవర్తి నిజాయితీపరుడైతే సరే, కాకపోతే భూమి పోతుంది. కాబట్టి సవర పిల్లలకు చదువు అవసరం. అయితే అర్థం కాని భాషలో మొదలుపెట్టిన చదువు అక్షరాలను నేర్పుతుందే గాని జ్ఞానాన్ని ఇవ్వదు. సవర చదువును సవరలోనే మొదలుపెట్టాలన్న వాదానికి బలం ఇక్కడే ఉంది.

ఈ పని రామమూర్తి తనతోనే ప్రారంభించారు. సవర తెలిసిన ఒక వ్యక్తిని ఇంట్లో ఉంచుకుని ఏళ్ల తరబడి ఆ భాష నేర్చుకున్నారు. గురువు శిష్యుడి భాష నేర్చుకోవడం, అదీ సమాజం తక్కువగా చూసిన మనిషి దగ్గర కూర్చుని నేర్చుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. తరువాత సవరలో వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. కొండల్లో తిరిగినప్పుడు పట్టుకున్న మలేరియాకు వాడిన క్వినైన్ వల్లే ఆయనకు చెవుడు వచ్చిందని చెబుతారు.

మద్రాసు ప్రభుత్వం ఈ కృషిని గుర్తించి పారితోషికం ఇవ్వబోయింది. ఆ సొమ్ము తనకు వద్దని, దానితో సవరలకు బడి నడపాలని ఆయన కోరారు. ఒక ఉపాధ్యాయుడి జీతంతో నడిచే బడి ఆ ఉపాధ్యాయుడు ఉన్నంతకాలమే ఉంటుంది; ప్రభుత్వ బాధ్యతగా మారితేనే నిలుస్తుంది. ఆ కోరికలోని దూరదృష్టి ఇదే. ఆయన సవర వ్యాకరణాన్ని 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోను ప్రభుత్వమే అచ్చువేసింది.

తెలుగు విషయంలో ఆయన లేఖలు, విజ్ఞప్తులు, వ్యాసాలు చెప్పింది కూడా ఇదే సూత్రం. పిల్లవాడు ఇంట్లో ఒక భాష మాట్లాడి బడిలో ఎవరూ మాట్లాడని మరొక భాషలో రాయవలసి వస్తే అతని బుద్ధి మాటలను వెతకడంలోనే అరిగిపోతుంది. అందుకే 1913లో ఆధునిక తెలుగును గురించి ప్రత్యేక విజ్ఞాపన ప్రకటించారు. 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక నడిపారు. సవర కోసం పడిన శ్రమ, తెలుగు కోసం చేసిన వాదం రెండు వేర్వేరు పనులు కావు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరగా ఆయన రాజమండ్రికి తరలివచ్చారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. అదే 1936లో మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు 'సొరంగ్ సొంపెంగ్' అనే స్వంత లిపిని రూపొందించడం గమనార్హం.

ఈ ప్రశ్న నేటికీ తీరలేదు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతోంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000 తరువాతి దశాబ్దంలో సవర, కువి, కొండ, కోయ సహా ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ పదవులన్నీ గిరిజనులకే కేటాయించిన 2000 నాటి ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. న్యాయసూక్ష్మాలు ఎలా ఉన్నా, పిల్లల భాష తెలియని ఉపాధ్యాయుడు ఆ బడిలో ఏమి బోధిస్తాడన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

తెలుగు ముస్లిములకు ఈ విషయం పరాయిది కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు మక్తబ్‌లో ఉర్దూ పుస్తకాన్ని అర్థం తెలియకుండా వల్లించడం, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లవాడు బడిలో తెలుగు పాఠం ముందు మౌనంగా కూర్చోవడం ఎన్నో ఊళ్లలో చూస్తున్నదే. భావం తెలియాలంటే తమ భాషలో చదవాలన్న అవసరం వల్లనే దివ్య ఖుర్ఆన్‌కు తెలుగు అనువాదాలు వచ్చాయి. ఆ దారిలో తొలి అడుగులు వేసినవారిలో ఒకరైన చిలుకూరి నారాయణరావు ముస్లిం కాకపోవడం, ఆయన కూడా భాషా శాస్త్ర పండితుడే కావడం గుర్తుంచుకోదగిన విషయం.

ఇల్ము ఒక అమానత్. దాన్ని అప్పగించవలసింది పుచ్చుకునేవాడికి అర్థమయ్యే భాషలో. రామమూర్తి ముందు ఆ భాషను తాను నేర్చుకుని, ఆ తరువాతే బోధించడానికి కూర్చున్నారు. బడి పెట్టదలచినవారు, పుస్తకం రాయదలచినవారు మొదట వేయవలసిన అడుగు కూడా అదే.