ఆకాశంలోనూ దారులున్నాయి

నెల్లూరు తీరం నుంచి గల్ఫ్ దేశాలకు ఉపాధికై వెళ్ళేవారు, ఉమ్రాకు బయలుదేరేవారు చాలామంది చెన్నై చేరి విమానం ఎక్కుతారు. ఒకే దూరానికి ఒకసారి తక్కువ సమయం, మరోసారి ఎక్కువ సమయం పడుతుంది. దీనికి కారణాలు ముఖ్యంగా రెండు: ఒకటి, అల్లాహ్ ఆజ్ఞకు లోబడి వీచే గాలి, రెండవది, మనిషి మూసే ద్వారం.

గాలుల మార్పును దివ్యఖుర్ఆన్ దైవసూచనల్లో ఒకటిగా పేర్కొన్నది. ఒకప్పుడు అరబ్బు నావికులు అనుకూలమైన గాలికోసం నెలల తరబడి వేచి ఉండి భారత తీరాలకు వచ్చేవారు. 'మాన్‌సూన్' అనే మాటకు మూలం, ఋతువు అనే అర్థమున్న అరబీ పదం 'మౌసిమ్'. నేటి విమానం కూడా గాలిని లెక్కచేయక తప్పదు. విమానాలు ఎగిరే పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, శీతాకాలంలో అరేబియా మీదుగా పడమటి గాలులు ఉద్ధృతంగా వీస్తాయి. అందుకే ఆ కాలంలో వెళ్ళేటప్పటికంటే తిరిగి వచ్చేటప్పుడు ప్రయాణం త్వరగా ముగుస్తుంది. వర్షాకాలంలో దక్షిణ భారతంపై, ఇంకా పై ఎత్తున, తూర్పు నుంచి పడమరకు మహావేగంతో గాలి వీస్తుంది. ఈ 'తూర్పు జెట్ ప్రవాహాన్ని' లోకానికి పరిచయం చేసినవారు, తరువాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయిన డాక్టర్ పి. కోటేశ్వరం.

ఇక రెండవ కారణం. 1944 నాటి షికాగో ఒడంబడిక ప్రకారం ప్రతి దేశానికీ తన భూభాగంపైనున్న గగనతలం మీద పూర్తి అధికారం ఉంటుంది. ఆ ద్వారం మూతపడటం మన తీరానికి కొత్త కాదు. ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరే ప్రతిసారీ ముందుగా ప్రకటన వెలువడుతుంది. ఆ కొద్ది గంటలు విమానాలు పక్కదారిన సాగుతాయి; చేపల పడవలకూ హెచ్చరిక ఉంటుంది. అది ప్రాణరక్షణకోసం, అందరికీ చెప్పి చేసే మూసివేత.

వైరం వల్ల కలిగే మూసివేత వేరు. 2019 ఫిబ్రవరి నుంచి జూలై వరకు, మళ్ళీ 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ గగనతలం మూతపడగా, ఢిల్లీ నుంచి పడమటికి వెళ్ళే మన విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టుతిరిగాయి. చుట్టుదారి అంటే అదనపు ఇంధనం, అదనపు ఖర్చు. అరేబియా సముద్రం మీదుగానే గల్ఫ్‌కు సాగే చెన్నై విమానాలకు ఆ బాధ అంతగా తగలలేదు. కానీ 2025 జూన్ 23 రాత్రి ఖతర్, కువైట్, బహ్రెయిన్ తమ గగనతలాన్ని మూసివేసినప్పుడు కొన్ని విమానాలు సగం దారిలోనే వెనుదిరిగాయి. ఎక్కడో రగిలిన యుద్ధం, దానితో ఏ సంబంధమూ లేని కూలివాని ప్రయాణాన్ని ఆపివేసింది.

కనుక ప్రయాణికులు మందులను, ఒక పూట ఆహారాన్ని చేతిసంచిలోనే ఉంచుకోవాలి. ఉమ్రాకు వెళ్ళేవారు మరొక విషయం గమనించాలి. విమానం జిద్దా చేరకముందే మీఖాత్ దాటుతుంది. గాలిని బట్టి, దారిని బట్టి ఆ ఘడియ మారుతుంది. గడియారాన్ని నమ్ముకోక, ఇహ్రామ్ దుస్తులు ముందే ధరించి, సిబ్బంది ప్రకటన వినగానే సంకల్పం చేసుకోవడానికి సిద్ధంగా ఉండటం క్షేమం.

ఇంటివద్ద ఉన్నవారు ఆలస్యమంతా ఆపద అని భయపడనవసరం లేదు. తిరస్కరింపబడని దుఆలలో ప్రయాణికుని దుఆ, సంతానం కొరకు తండ్రి చేసే దుఆ ఉన్నాయని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఆకాశంలో ఉన్నవారికీ, గడపలో ఎదురుచూసేవారికీ ఆ ద్వారం ఎన్నడూ మూతపడదు.