పన్నుల సరిహద్దు, ఆటగాడి ఎంపిక: గరికపాడు నుంచి ఐస్ హాకీ దాకా

జగ్గయ్యపేట దాటాక గరికపాడు దగ్గర ఆంధ్రప్రదేశ్ ముగిసి, కోదాడ వైపు తెలంగాణ మొదలవుతుంది. 2019–24 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో మద్యం ధరలు బాగా పెరిగినప్పుడు తెలంగాణ సీసాలు ఈ చెక్‌పోస్టు దగ్గర తరచూ పట్టుబడేవి. పన్ను తేడా ఉన్నచోట సరుకు కదులుతుంది. మనిషి శ్రమ కూడా అలాగే కదులుతుందా? ఈ ప్రశ్నను పరిశీలించడానికి ఉత్తర అమెరికా ఐస్ హాకీ అనువైన రంగం.

అక్కడి నేషనల్ హాకీ లీగ్‌లో 32 జట్లున్నాయి. ఒక్కో జట్టు చెల్లించే మొత్తం జీతాలకు గరిష్ఠ పరిమితి ఉంది. 2024–25లో అది 8.8 కోట్ల డాలర్లు. ఈ పరిమితిని పన్నుకు ముందరి జీతంతో లెక్కిస్తారు. ఆటగాడు చూసుకొనేది చేతికందే మొత్తాన్ని. చిక్కంతా ఇక్కడే ఉంది. ఫ్లోరిడా, టెక్సస్, నెవాడా, టెన్నెసీలలో జీతంపై రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు; అమెరికా ఫెడరల్ గరిష్ఠ రేటు 37 శాతం. టొరంటో ఉన్న ఒంటారియోలో ఫెడరల్, ప్రాంతీయ పన్నులు కలిసి గరిష్ఠంగా 53.53 శాతం. కనుక ఫ్లోరిడా జట్టు తక్కువ జీతానికే ఆటగాణ్ణి ఒప్పించి, మిగిలిన సొమ్ముతో మరొకరిని తీసుకోగలదు. 2020, 2021లలో టాంపా బే, 2023లో వేగాస్, 2024, 2025లలో ఫ్లోరిడా పాంథర్స్ స్టాన్లీ కప్ గెలవడంతో ఈ వాదం బలం పుంజుకుంది.

దీన్ని యథాతథంగా అంగీకరించడం కష్టం. అదే పాంథర్స్ జట్టు 1996 తర్వాత 2022 దాకా ఒక్క ప్లేఆఫ్ సిరీస్ కూడా గెలవలేదు. ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను అప్పుడూ లేదు! పైగా కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు తమ గడ్డపై పనిచేసిన రోజుల లెక్కన పొరుగు జట్ల ఆటగాళ్ల నుంచీ పన్ను వసూలు చేస్తాయి. పన్ను తేడా జట్టుకు వెసులుబాటు ఇస్తుందే గాని, దాన్ని వాడుకొనే నేర్పు ఇవ్వదు.

మన దేశంలో ఆ వెసులుబాటు కూడా లేదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితా 82వ అంశం ప్రకారం వ్యవసాయేతర ఆదాయంపై పన్ను కేంద్రానిది. రాష్ట్రాలకు మిగిలిన వృత్తి పన్నుకు 276వ అధికరణ ఏడాదికి 2,500 రూపాయల హద్దు పెట్టింది. 2024 హాకీ ఇండియా లీగ్ వేలంలో హర్మన్‌ప్రీత్ సింగ్‌ను సూర్మా జట్టు 78 లక్షలకు తీసుకుంది. అదే ధరకు హైదరాబాద్ తూఫాన్స్ కొన్నా ఆయన ఆదాయపు పన్ను మారేది కాదు. వేలంలో జట్టును ఎంచుకొనే స్వేచ్ఛ ఆటగాడికి లేదన్నది అటుంచుదాం.

ఈ ఏకరూపత మన ప్రాంతంలో మరీ పాతది కాదు. కొమర్రాజు లక్ష్మణరావు దివానుగా పనిచేసిన మునగాల, నాటి నందిగామ తాలూకాలో భాగం. దాని చుట్టూ నిజాం రాజ్యమే. 1922 నాటి ఆదాయపు పన్ను చట్టం మునగాలలో చెల్లేది, పొలిమేర దాటితే చెల్లేది కాదు. 1950 ఏప్రిల్ 1న ఆ చట్టాన్ని హైదరాబాద్ రాష్ట్రానికీ విస్తరించేదాకా, జగ్గయ్యపేట నుంచి కోదాడ వెళ్లే దారిలో ఆదాయపు పన్నుకూ ఒక సరిహద్దు ఉండేది.