చుక్క పక్కన చీటీ.. ప్రయాణికుల ప్రాణాలకు భరోసా

బెంగళూరు: బాగేపల్లి, చిక్కబళ్లాపురం పల్లెల్లో రాత్రిపూట ఆరుబయట మంచం వాల్చుకుంటే దేవనహళ్లి విమానాశ్రయం వైపు సాగే విమానాలు కనిపిస్తాయి. మన కంటికి అవి కదిలే దీపాలే. నింగికి కాపలా కాసే కంట్రోలర్‌కు మాత్రం తెరపై ఒక్కో విమానం ఒక్కో చుక్క. చుక్క నుంచి ఓ గీత.. గీత చివర చిన్న చీటీ. అందులోని రెండు మూడు వరసలపై వందల మంది ప్రాణాలు ఆధారపడి ఉంటాయంటే అతిశయోక్తి కాదు.

చీటీలో ఏముంటుందంటే..

పైవరసలో విమానం పిలుపు పేరు. దాని కింద ఎత్తు.. అదీ వందల అడుగుల లెక్కన. 350 అని ఉంటే 35 వేల అడుగులన్న మాట. పక్కన బాణం పైకి చూస్తే ఎక్కుతోందని, కిందికి చూస్తే దిగుతోందని అర్థం. ఎంత ఎత్తు వరకు అనుమతించారో మరో అంకె చెబుతుంది. వేగం, చేరాల్సిన ఊరు వంటివి ఆ తర్వాతే.

ఆ ఒక్క అంకె లేక..

1996 నవంబరు 12 సాయంత్రం. ఢిల్లీలో బయల్దేరిన సౌదీ విమానాన్ని 14 వేల అడుగుల వద్ద ఉండమన్నారు. పొట్టకూటి కోసం గల్ఫ్ వెళ్తున్న భారతీయులు అందులో ఎందరో. ఎదురుగా వస్తున్న కజకిస్థాన్ విమానం 15 వేల అడుగుల వద్ద ఆగాలి. ఆగకుండా దిగిపోయింది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద రెండూ ఢీకొన్నాయి. 349 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

అనుమతించిన ఎత్తు కంటే కిందికి దిగిన కజక్ సిబ్బందిదే తప్పని విచారణలో తేలింది. అయితే అప్పట్లో ఢిల్లీ రాడార్ విమానం ఎక్కడుందో చూపేదే తప్ప, ఎంత ఎత్తులో ఉందో చూపేది కాదు. పైలట్ రేడియోలో చెప్పిందే ఆధారం. ఎత్తు అంకె తెరపై ఉంటే ఆ పొరపాటు కంట్రోలర్ కంటపడే వీలుండేది.

ఎక్కువైనా ముప్పే

అలాగని తెలిసినవన్నీ చీటీలో కుక్కేస్తే? మెజెస్టిక్ బస్టాండులో అడుగుపెట్టిన వారికి కావాల్సింది ఊరి పేరు, బస్సు వేళ. వాటి చుట్టూ ప్రకటనలు నింపితే బస్సు తప్పిపోతుంది. ఇక్కడా అంతే. విమానాలు దగ్గరైనప్పుడు ఒకదాని చీటీ మరోదానిపై పడితే ఎత్తు అంకె దాని చాటుకు పోతుంది.

అందుకే అదనపు వివరాలను దాచి ఉంచి, మౌస్ పెట్టినప్పుడే చూపుతారు. చీటీలు ఒకదానిపై ఒకటి పడకుండా గీతను పక్కకు తిప్పుతారు. తన అజమాయిషీలోని విమానాలు స్పష్టంగా, మిగతావి మసగ్గా ఉంటాయి. ఎరుపును ప్రమాద హెచ్చరికకే అట్టిపెడితే మంచిది. అన్నిటికీ రంగులు పూస్తే ఆపదలో ఎరుపూ కంటికి ఆనదు. సున్నాకు, ‘ఓ’ అక్షరానికి తేడా తెలియాలి. అన్నిటికీ మించి ఎత్తు అంకె ఎప్పుడూ ఒకే చోట ఉండాలి. అప్పుడే కన్ను వెతుక్కోకుండా నేరుగా అక్కడికి వెళ్తుంది.

కొడుకును గల్ఫ్ విమానం ఎక్కించి దేవనహళ్లి నుంచి ఊరికి తిరిగొచ్చే తల్లికి ఈ చీటీ సంగతి తెలియకపోవచ్చు. తెర ముందు కూర్చున్న వారికి మాత్రం ఆ విమానం ఎత్తు ఒక్క చూపులో తెలియాలి. ఆమె బిడ్డ క్షేమం అందులోనే ఉంది మరి!