నడుంనొప్పికి చేతి పరీక్ష
మనలాంటి కంప్యూటర్ ఉద్యోగులకు నడుంనొప్పి కొత్తేమీ కాదు. అమెరికాలో ఎం.డి.లతో సమానమైన లైసెన్సు ఉన్న డి.ఓ. డాక్టర్లలో కొందరు దీన్ని చేతులతో పరీక్షిస్తారు. నేను తెలుసుకున్నది ఇదీ.

వెన్నెముక చివర ఐదు పూసలు అతుక్కుని ఏర్పడినది త్రికాస్థి. మనల్ని కూర్చోబెట్టి ముందుకు వంగమని, తుంటి వెనక ఎముకల మీద బొటనవేళ్లు ఆనిస్తారు. ఏ వేలు ఎక్కువ పైకి జరిగితే ఆ వైపు కీలు బిగిసిందని అనుమానం. తర్వాత బోర్లా పడుకోబెట్టి త్రికాస్థి పైన గుంటల లోతు, కింద మూలల ఎత్తు రెండు వైపులా పోల్చి చూస్తారు. నడుం కింద నొక్కితే స్ప్రింగులా లొంగకపోతే ఎముక పైభాగం వెనక్కి జరిగిందనుకుంటారు.

ఒకే మనిషిని ఇద్దరు డాక్టర్లు చూస్తే ఒకే జవాబు రాకపోవచ్చని పరిశోధనల్లో తేలింది. ఒక్క లాగ్ చూసి బగ్ తేల్చం కదా! తొడల మధ్య తిమ్మిరి వచ్చినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా ఈ పరీక్షల కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి.