మెగ్గరు ముల్లు చెప్పే మాట
(మోటార్ల ఇన్సులేషన్ పరీక్షలో మెలకువలు)

కర్మాగారంలో పంపులు, ఫ్యాన్లు, కంప్రెసర్లు, కన్వేయరు బెల్టులలో అత్యధిక భాగాన్ని నడిపించేది విద్యుత్ మోటారే. మోటారులోని రాగి చుట్టలకూ ఇనుప భాగాలకూ నడుమ అడ్డుగా నిలిచే పొరనే ఇన్సులేషన్ అంటాము. ఈ పొర దెబ్బతింటే మోటారు కాలిపోవచ్చు, ఉత్పత్తి ఆగిపోవచ్చు. చెంతనున్న కార్మికుని ప్రాణానికే ముప్పు వాటిల్లవచ్చు.

డబ్బా మూత సరిగా పెట్టకపోతే వానాకాలంలో అప్పడాలు మెత్తబడటం గృహిణులందరికీ అనుభవమే. నెలల తరబడి నడవక నిలిచిన మోటారు పరిస్థితీ అటువంటిదే. నడిచే మోటారును దాని వేడే పొడిగా ఉంచుతుంది. నిలిచిన మోటారు గాలిలోని తేమను గ్రహిస్తుంది. అందువల్లనే దీర్ఘకాలం ఆగిన మోటారును నడిపే ముందు మెగ్గరుతో పరీక్షించడం తప్పనిసరి. 1903లో ఇంగ్లాండులో నమోదైన ఒక వ్యాపారనామం నేడు ఆ పరికరానికే పేరైపోయింది.

పరీక్షకు ముందు

పర్మిట్ తీసుకొని, సరఫరా తొలగించి, తాళం వేసి, ట్యాగు కట్టి, విద్యుత్తు లేదని నిర్ధారించుకున్న పిదపనే మోటారుపై చేయి వేయాలి. సర్జ్ కెపాసిటర్లను, డ్రైవు వంటి ఎలక్ట్రానిక్ పరికరాలను విడదీయాలి. పరీక్షకు వాడే వోల్టేజి మోటారు స్థాయికి తగినదై ఉండాలి. 1000 వోల్టుల లోపు మోటారుకు 500 వోల్టుల డి.సి.; 6.6 కిలోవోల్టుల మోటారుకు 2500 నుండి 5000 వోల్టులు వాడతారు.

ఒక ఉదాహరణ

వర్షాకాలంలో మూడు నెలలు నిలిచిన 6.6 కిలోవోల్టుల స్టాండ్‌బై పంపు మోటారును అత్యవసరంగా నడపవలసి వచ్చిందనుకుందాం. కేబులుతో కలిపి పరీక్షిస్తే మెగ్గరు 3 మెగోమ్‌లు చూపింది. వెంటనే 'మోటారు పోయింది, రీవైండింగుకు పంపండి' అనడం తొందరపాటు. 3 మెగోమ్‌లు కేబులువా, టెర్మినల్ పెట్టెవా, చుట్టలవా అన్నది ముందు తేల్చుకోవాలి.

మొదట కేబులును విడదీసి వేర్వేరుగా పరీక్షించాలి. కేబులు బాగున్నదని తేలి, మోటారు ఒక్కటే 3 మెగోమ్‌లు చూపితే, దృష్టి టెర్మినల్ పెట్టెపైకి మళ్ళాలి. అక్కడి ఇన్సులేటర్లపై తేమ, ధూళి పేరుకుంటే విద్యుత్తు వాటి ఉపరితలం మీదుగా జారిపోతుంది. మెగ్గరుకు గల గార్డు టెర్మినల్‌ను ఉపయోగిస్తే ఈ ఉపరితల ప్రవాహం కొలతలో చేరదు. ఇన్సులేటర్లను శుభ్రంగా తుడిచి ఆరబెట్టాక కొలత 20 మెగోమ్‌లకు పెరిగిందనుకుందాం. చుట్టల ఉష్ణోగ్రత 30 డిగ్రీలు.

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ నిరోధం సుమారు సగమవుతుందని స్థూల సూత్రం. అందుచేత కొలతలను 40 డిగ్రీలకు సరిచేసి పోల్చాలి. ఆ లెక్కన మన 20 మెగోమ్‌లు 10 మెగోమ్‌లే. చిక్కంతా ఇక్కడే ఉంది. 'కిలోవోల్టులకు ఒకటి కలుపు' అనే పాత సూత్రం ప్రకారం 7.6 మెగోమ్‌లు చాలు, మోటారు నడపవచ్చు. కాని ఐ.ఇ.ఇ.ఇ. 43 ప్రమాణం 2000 సంవత్సరపు, 2013 సంవత్సరపు ప్రతుల ప్రకారం ఆ పాత సూత్రం సుమారు 1970కి ముందు తయారైన చుట్టలకే వర్తిస్తుంది. తరువాతి కాలపు ఫార్మ్‌వౌండ్ చుట్టలకు కనీసం 100 మెగోమ్‌లు ఉండాలి. పాత సూత్రాన్ని నమ్మి స్విచ్ వేయడం మోటారును పణంగా పెట్టడమే.

పది నిమిషాల ఓర్పు

పొడిగా ఉన్న మంచి ఇన్సులేషన్‌పై వోల్టేజి నిలిపి ఉంచితే కొలత క్రమంగా పెరుగుతుంది. పదవ నిమిషపు కొలతను మొదటి నిమిషపు కొలతతో భాగిస్తే వచ్చేదే పోలరైజేషన్ ఇండెక్స్. బి, ఎఫ్, హెచ్ తరగతుల ఇన్సులేషన్‌కు ఇది కనీసం 2 ఉండాలి. 1కి దగ్గరగా ఉంటే తేమ గాని, మాలిన్యం గాని ఉన్నట్లు అనుమానించాలి. మొదటి నిమిషంలోనే 5000 మెగోమ్‌లు దాటితే ఈ నిష్పత్తికి ప్రాధాన్యం లేదు.

మన మోటారుకు 1.1 వచ్చిందనుకుంటే, స్పేస్ హీటర్లతోనో వేడి గాలితోనో నిదానంగా ఆరబెట్టాలి. ఒక్కసారిగా వేడి చేస్తే లోపలి తేమ ఆవిరియై పొరలను చీల్చవచ్చు. ఆరబెట్టే తొలి దశలో కొలత తగ్గుతుంది, కంగారుపడరాదు. వేడివల్ల, కదిలిన తేమవల్ల అలా జరుగుతుంది. తేమ బయటకు పోయే కొద్దీ మళ్ళీ పెరుగుతుంది. చివరకు 60 డిగ్రీల వద్ద మొదటి నిమిషంలో 45, పదవ నిమిషంలో 126 మెగోమ్‌లు వస్తే ఇండెక్స్ 2.8, 40 డిగ్రీలకు సరిచేసిన నిరోధం 180 మెగోమ్‌లు. ఇన్సులేషన్ కోలుకున్నట్లే. ఎంత ఆరబెట్టినా ఇండెక్స్ పెరగకపోతే నూనె, బొగ్గు పొడి వంటి మాలిన్యాన్ని శుభ్రపరచవలసి ఉంటుంది. ముల్లు సున్నా వద్దనే నిలిస్తే అది ఎర్త్ దోషం. ముందుగా దాని చోటు వెదకాలి.

రెండు హెచ్చరికలు

పరీక్ష ముగిశాక చుట్టలలో విద్యుదావేశం నిలిచి ఉంటుంది. వోల్టేజి ఇచ్చిన కాలానికి కనీసం నాలుగు రెట్లు, అంటే పది నిమిషాల పరీక్షకు నలభై నిమిషాలు, చుట్టలను ఎర్త్ చేసి ఉంచాలి. మరొకటి, చుట్టలలో తీగకూ తీగకూ మధ్య ఏర్పడే దోషాన్ని మెగ్గరు పట్టలేదు. దానికి సర్జ్ పరీక్ష వేరుగా ఉన్నది.

ప్రతి కొలతతో పాటు తేదీ, చుట్టల ఉష్ణోగ్రత, గాలిలోని తేమ, పరీక్ష వోల్టేజి రిజిస్టరులో నమోదు చేయాలి. ఈనాటి 180 మెగోమ్‌లు మంచివే. కాని నిరుడు అదే మోటారు 900 చూపి ఉంటే అది హెచ్చరిక. స్టాండ్‌బై మోటార్ల స్పేస్ హీటర్లు వెలుగుతున్నాయో లేదో షిఫ్టు సిబ్బంది రోజూ చూసుకుంటే, వానాకాలపు అర్ధరాత్రి అవసరం వచ్చినప్పుడు ఆ మోటారు మనకు అక్కరకు వస్తుంది.