టెంకాయ పొట్టు కుండీకెక్కిన కథ

ఒంటిమిట్ట కోదండరాముడికి కొట్టే టెంకాయకు ముందే పీచు ఒలిచేసి ఉంటారు. ఆ పీచులో నార కంటే, నారను అంటిపెట్టుకున్న మెత్తటి పొట్టే ఎక్కువ. కిలో నార తీస్తే దాదాపు రెండు కిలోల పొట్టు రాలుతుంది. కేరళ, తమిళనాడు నార మిల్లుల పక్కన అది ఏళ్ల తరబడి గుట్టలు పడేది. వాన కురిస్తే అందులోని టానిన్లు కారి గుంటల్లో నీళ్లు ఎర్రబడేవి. మిల్లుకు బరువైన ఆ పొట్టే ఇవాళ కోకోపీట్ పేరుతో దేశదేశాల కుండీల్లోకి చేరింది. అంతకుముందు ఆ చోటు చిత్తడి నేలల్లో తవ్వితీసే పీట్‌ది.

చేలో పోసిన నీళ్లు లోతుకు దిగిపోతాయి. జానెడు కుండీలో మాత్రం అడుగున నిలిచి వేర్లకు గాలి ఆడనివ్వవు. నీటిని పట్టుకుంటూనే గాలికి చోటిచ్చే మిశ్రమం కోసం 1930ల్లో ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సంస్థలో లారెన్స్, న్యూయెల్ పరిశోధనలు చేశారు. ఏడు పాళ్లు మట్టి, మూడు పాళ్లు పీట్, రెండు పాళ్లు ముతక ఇసుక అని తేల్చారు. 1950ల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మట్టిని పక్కనపెట్టి పీట్, సన్న ఇసుకతోనే సరిపెట్టింది. 1960ల్లో కార్నెల్ విశ్వవిద్యాలయం ఇసుక బదులు తేలికైన వర్మిక్యులైట్, పెర్లైట్ కలిపింది. నర్సరీలు పీట్ మీద ఆధారపడటం అలా పెరిగింది.

పీట్ అంటే చల్లటి చిత్తడి నేలల్లో గాలి తగలక సగం కుళ్లి నిలిచిపోయిన నాచు. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పేరుకుంటుంది. మీటరు మందం కావాలంటే వెయ్యేళ్లు పడుతుంది. ప్రపంచ నేలలో మూడు శాతమే ఉన్న ఈ పీట్ భూములు అడవులన్నిటికంటే ఎక్కువ కార్బన్‌ను దాచుకున్నాయి. మన దక్షిణాదిలో నీలగిరి లోయల్లో పీట్ కొద్దిగా ఉంది. వేల ఏళ్ల కిందటి వాతావరణం ఎట్లా మారిందో శాస్త్రజ్ఞులు ఆ పొరల్లో చదివారు. బంతిమొక్క కోసం అటువంటి నేలను తవ్వడం నాకు ఏ లెక్కనా సబబుగా తోచదు.

టెంకాయ పొట్టు కూడా నిన్న మొన్నటిది కాదు. 19వ శతాబ్దంలోనే ఇంగ్లండు తోటమాలులు వాడి, తర్వాత మరిచిపోయారు. 1949లో ఎకనమిక్ బాటనీ పత్రికలో హ్యూమ్ దాని గుణాలను వివరించారు. అయితే తేలికైన పొట్టును ఓడలో పంపితే మోసేది ఎక్కువగా గాలినే. ఎండబెట్టి, అయిదో వంతుకు నొక్కి దిమ్మెలు చేయడం మొదలయ్యాకే వ్యాపారం కుదిరింది. అయిదు కిలోల దిమ్మె నీళ్లు తాగి దాదాపు డెబ్బై లీటర్ల పొట్టుగా ఉబ్బుతుంది.

ఒంటిమిట్టలో పీట్‌ను, పొట్టును రెంటినీ ఎండతో పరీక్షించాలి. పున్నమి వెన్నెల్లో రాముడి కల్యాణం జరిగే నాటికే ఎండలు ముదిరి ఉంటాయి. ఒక్కపూట నీళ్లు తప్పితే కుండీ ఎండిపోతుంది. బాగా ఎండిన పీట్ నీటిని ఒంటికి అంటనివ్వదు. పోసిన నీళ్లు కుండీ అంచున జారి కిందికి పోతాయి, నడుమ ముద్ద పొడిగానే ఉంటుంది. టెంకాయ పొట్టు అయితే ఎంత ఎండినా మళ్లీ స్పాంజిలా నీటిని పీల్చుకుంటుంది. నీటిని ఎంత పట్టి ఉంచుతుందన్నదాని కంటే, ఎండాక మళ్లీ తాగుతుందా అన్నదే మన సీమలో అసలు ప్రశ్న. లిగ్నిన్ ఎక్కువ కాబట్టి పొట్టు తొందరగా కుళ్లి కుంగిపోదు కూడా.

కానీ దీనికి ఉప్పు అనే జబ్బుంది. కొబ్బరి పీచులోనే పొటాషియం, సోడియం, క్లోరైడ్ ఉంటాయి. ఉప్పునీటి మడుగుల్లో ఊరబెట్టిన పీచుకు మరింత చేరుతుంది. మామూలు నీళ్లతో కడిగితే కరిగే ఉప్పు పోతుంది గానీ, పొట్టు కణాలకు అతుక్కున్న సోడియం, పొటాషియం కదలవు. కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెడితే రెండు ఆవేశాలున్న కాల్షియం వాటిని తోసేసి ఆ చోట కూర్చుంటుంది. ఈ పని చేయని పొట్టు మనం వేసిన కాల్షియాన్నే మింగేస్తుంది, టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్లుతుంది. మన బోరు నీళ్లలోనూ లవణాలు ఎక్కువ గనుక కుండీ అంచున తెల్లపొర కట్టే ఊళ్లలో ఈ జాగ్రత్త తప్పనిసరి. ఇక్కడ పీట్‌కు ఒక మార్కు ఇవ్వాలి: దాని పుల్లదనం కఠిన జలంలోని క్షారాన్ని కొంతకాలం విరిచేస్తుంది. పొట్టుకు అంత పులుపు లేదు.

పచ్చి పొట్టులో కార్బన్, నైట్రోజన్ నిష్పత్తి వందకు పైనే. దాన్ని కుళ్లించే సూక్ష్మజీవులు మొక్క నైట్రోజన్‌ను లాక్కుంటాయి. అందుకే తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం యూరియా, ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనం కలిపి మాగబెట్టే పద్ధతి రూపొందించింది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ అర్క ఫెర్మెంటెడ్ కోకోపీట్ తయారుచేసింది. నారు పెంచే ట్రేలకు అటువంటి మాగిన పొట్టే మేలు.

ఇంటి కుండీకి కడిగి మాగిన పొట్టు ఒక పాలు, ఎర్రమట్టి ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపితే చాలు. అప్పుడప్పుడు అడుగు రంధ్రం నుంచి ధారగా కారేదాకా నీళ్లు పోయాలి, పేరుకున్న ఉప్పు దాంతోపాటే దిగిపోతుంది. నిల్వచేసిన వాన నీళ్లుంటే ఆ కడుగుడుకు వాటినే వాడండి.